చూడ్డానికి మాత్రమే

పుస్తకాలు పదిమందికీ అందించడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉంటూ పదిమంది చేతులు కట్టేశాను. మా చుట్టుపక్కల గ్రంథాలయాల్లో ఏ పాత తెలుగు పత్రిక, ఏ సంపుటం, ఏ సంచిక ఎక్కడుందో చెప్పే ఉమ్మడి జాబితా ఒకటి తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టాను. దాన్ని దిద్దే అధికారం మాత్రం నా ఒక్కడి దగ్గరే అట్టిపెట్టుకున్నాను. మిగతా లైబ్రేరియన్లందరికీ ఇచ్చింది చూసే అనుమతి. దానివల్ల జాబితా పాడైంది. ఎంతో దూరం నుంచి వచ్చిన పాఠకులు వట్టి చేతులతో తిరిగి వెళ్లారు. ఆ పత్రికల్ని నాకన్నా బాగా ఎరిగినవాళ్లు తప్పు కళ్లెదురుగా కనబడుతున్నా ఏమీ చేయలేక కూర్చున్నారు. అప్పుడు చేసిందేమిటో ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పుకోవాలనిపిస్తోంది.

నేను డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. 2004లో వెబ్ 2.0 అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. మరుసటి ఏడాదే మైకేల్ కేసీ అనే అమెరికన్ లైబ్రేరియన్ లైబ్రరీ 2.0 అన్నాడు. గ్రంథాలయం చెబుతుంటే పాఠకుడు వింటూ కూర్చునే రోజులు పోవాలని, పాఠకుడు కూడా చేర్చాలి, దిద్దాలి, తన మాట చెప్పాలి అని ఆ ఆలోచన సారాంశం. 2006లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లవర్స్ అనే ఆవిడ తమ సిబ్బందికోసం 23 చిన్న చిన్న పాఠాలు తయారుచేశారు. బ్లాగు రాయడం, ఫోటోలు పంచుకోవడం, వెబ్‌సైట్ల ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లకు చందా పెట్టుకోవడం, వికీలో ఒక పేజీ దిద్దడం, ఇలాంటివి. అన్నీ పూర్తిచేసినవాళ్లకు ఎంపీ3 ప్లేయర్ బహుమతి. ఎన్నో దేశాల లైబ్రేరియన్లు ఆ పాఠాల్ని తమ చోట్లకు తెచ్చుకున్నారు. ఆ గాలి మా రిఫ్రెషర్ కోర్సు దాకా వచ్చింది. అక్కడ మొదటిసారి వికీ పేజీలో "మార్చు" అన్నది నొక్కి, నేను రాసిన వాక్యం అప్పటికప్పుడు అందరి తెరల మీదా కనబడితే ఒళ్లు పులకరించింది. ఆ సంతోషం నిజమైనది. దాన్ని ఇప్పటికీ తక్కువ చేసి చెప్పలేను.

తిరిగొచ్చాక నేనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. జిల్లాలో ఎక్కడ శిక్షణ తరగతులు పెట్టినా నన్ను పిలిచేవారు. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని ఎలా మొదలుపెట్టాడో చెప్పేవాణ్ణి. వర్గీకరణ పండితుల చేతుల్లోంచి జనం చేతుల్లోకి వస్తోందని, మామూలు పాఠకులు తమకు తోచిన మాటల్తో లింకులకు ట్యాగులు పెట్టుకుంటున్నారని, దానికి థామస్ వాండర్ వాల్ 2004లో ఫోక్సానమీ అని పేరు పెట్టాడని బల్లగుద్ది చెప్పేవాణ్ణి. ముందు వరసలో శాఖా గ్రంథాలయాలవాళ్లు నోట్సు రాసుకునేవారు. నా నోటితో నేను చెప్పిన ఆ మాటల్లో ఒక్కటీ నా చేతల్లోకి రాలేదు.

కొత్తది ఏది వచ్చినా దాని వెంట పడేవాణ్ణి. మా లైబ్రేరియన్లందరం ముందు ఒక మెయిలింగ్ గ్రూపులో ఉండేవాళ్లం. అక్కణ్ణుంచి అందర్నీ ఒక ఉచిత వికీకి తీసుకెళ్లాను. పాస్‌వర్డులు గుర్తు పెట్టుకోవడం చాలామందికి కష్టమైంది. వాళ్లు కాస్త అలవాటు పడుతున్నారనగా, ఇంకో సైటు బాగుందని అక్కడికి మార్చాను. మేం వాడిన వికీ తర్వాత మూతపడింది. ఇలాంటివి ఎన్ని పుట్టి ఎన్ని పోయాయో ఈ రంగంలో అందరికీ తెలుసు. గూగుల్ వేవ్‌ని 2009లో ప్రకటించి 2010లోనే పక్కన పెట్టేశారు. 2005లో వచ్చిన గూగుల్ రీడర్ 2013 జూలై 1న ఆగిపోయింది. లింకులు దాచుకోవడానికి 2003లో పుట్టిన డెలిషియస్ చేతులు మారుతూ మారుతూ 2017లో కొత్త లింకులు చేర్చుకోవడం మానేసింది. అవి పోవడం నా చేతిలో లేదు. కానీ ప్రతిసారీ ఎవర్నీ అడక్కుండా మార్చేసిందీ, వాళ్లు వెనకబడిపోతుంటే నేర్చుకోవడం చేతకాక అనుకున్నదీ నేనే. చివరికి ఉమ్మడి జాబితా పనికి ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్ తీసుకునే నాటికి సగంమంది విసిగిపోయి ఉన్నారు. "మీరు చెప్పండి సార్, మేం కాగితం మీద రాసి పంపిస్తాం" అనేశారు.

ఆ జాబితా ఎందుకు కావాలో చెప్పాలి. పాత పత్రికలు ఒక్కచోట దొరకవు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన భారతి గానీ, డాక్టర్ కేసరి 1928లో మద్రాసు నుంచి తెచ్చిన గృహలక్ష్మి గానీ, ఒక ఊళ్లో మొదటి రెండేళ్లవి ఉంటే, పక్క ఊళ్లో ఎవరో దాత ఇచ్చిన నాలుగో ఏడు ఉంటుంది. నడుమ సంచికలు ఎక్కడో ఒక అలమారలో చెదలు తినకుండా మిగిలి ఉంటాయి. ప్రెస్ అకాడమీవారు చాలా పాత పత్రికల్ని స్కాన్ చేసి ఆర్కైవ్‌లో పెట్టారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కాన్ అయినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. అయినా లోటు లోటే. ఫలానా కథ మొదట ఏ సంచికలో అచ్చయిందో చూడాలంటే పరిశోధక విద్యార్థి ఊళ్లు పట్టుకు తిరగాల్సిందే. కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ పంపిన పాతూరి నాగభూషణం గారు తిరిగిన గడ్డ ఇది. ఇక్కడ ఏ పత్రిక ఎక్కడుందో చెప్పే ఒక్క జాబితా లేకపోవడం నాకు అవమానంగా అనిపించేది. అందుకే పూనుకున్నాను. పూనుకోవడంలో తప్పు లేదు.

మా దగ్గర్లోని శాఖా గ్రంథాలయాలు, ఒకటి రెండు పాత పఠన మందిరాలు, మాలాంటి కాలేజీలు, అందరికీ ఒక ఫారం పంపాను. పత్రిక పేరు, సంపుటం-సంచిక, ప్రచురణ స్థలం, స్థితి, గమనిక. వాళ్లు అలమారలు తీసి, దుమ్ము దులిపి, అట్టలూడిన సంచికల లోపలి పేజీలు తిప్పి చూసి ఎంతో ఓపిగ్గా నింపి పంపారు. కొందరి చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆ ఫారాల్ని మా విద్యార్థులు కాలేజీ కంప్యూటర్లో ఎక్కించారు. అది నేను ఆన్‌లైన్‌లోకి తీసుకుని, అందరి మెయిల్ ఐడీలూ చేర్చాను. అక్కడ అనుమతుల పెట్టెలో మూడు ఉన్నాయి. చూడొచ్చు, వ్యాఖ్య రాయొచ్చు, మార్చొచ్చు. నేను అందరికీ మొదటిది పెట్టాను.

ఎందుకలా పెట్టానని ఎవరైనా అప్పుడు అడిగి ఉంటే సమాధానం తడుముకోకుండా చెప్పేవాణ్ణి. సూచీకరణ శిక్షణ పొందినవాళ్లు చేయాల్సిన పని. పేరు ఎవరిదైనా ఒక్క రూపంలోనే ఉండాలి. ఒకరు వేంకట అని, ఒకరు వెంకట అని రాస్తే వెతికినప్పుడు దొరకదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఎవరో పొరపాటున ఒక వరస చెరిపేస్తే? ఇవన్నీ నిజమైన భయాలే. వాటి కింద ఇంకొకటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. ఈ జాబితా నా పేరు మీద నిలవాలని ఉండేది నాకు. సెమినార్లో దాని గురించి పేపరు చదివాను కూడా. తలా ఒక చెయ్యి వేస్తే అది అందరిదీ అయిపోతుంది.

ఇక జరిగింది వినండి. ఫారంలో "సంపుటం-సంచిక" అన్న గడిలో వాళ్లు 5-8 అని రాశారు. అయిదో సంపుటం, ఎనిమిదో సంచిక అని. మా విద్యార్థులు అలాగే 5-8 అని కొట్టారు. స్ప్రెడ్‌షీట్ దాన్ని తేదీ అనుకుంది. 05-ఆగస్టు అని మార్చేసి చూపించింది. 2-4 కాస్తా 02-ఏప్రిల్ అయింది. మాసపత్రికకు ఏడాదికి పన్నెండు సంచికలే కదా. గీత తర్వాత అంకె ఎప్పుడూ పన్నెండు దాటదు. అందువల్ల ప్రతి గడీ చక్కటి తేదీగా మారిపోయింది. మధ్యలో ఎక్కడో ఒక గడి మారకుండా ఉండిపోయినా అనుమానం వచ్చేది. ఆ అవకాశమూ లేకపోయింది.

ఇది నా ఒక్కడికే జరిగిన వింత కాదని తర్వాత తెలిసింది. మనిషి జన్యువుల పేర్లలో మార్చ్1, సెప్ట్1 లాంటివి ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1 అని మార్చేస్తుండడంతో పరిశోధనల పట్టికలు తప్పుల తడకలయ్యాయి. చివరికి 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చ్ఎఫ్1, సెప్టిన్1 అని మార్చుకోవలసి వచ్చింది. కాబట్టి స్ప్రెడ్‌షీట్ అలా చేయడం వింత కాదు. ఆ గడుల్ని ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా పెట్టి ఉంటే సరిపోయేది. అంకె ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టినా సరిపోయేది. సంపుటానికి ఒక గడి, సంచికకు ఒక గడి విడివిడిగా ఇచ్చి ఉంటే అసలు బాధే లేదు.

నేను చేసింది వేరు. గడుల్లో తేదీలు చూశాను. శాఖా గ్రంథాలయాలవాళ్లు సంపుటం, సంచిక రాయడం తెలియక తేదీలు రాసి పంపారనుకున్నాను. ఒక్క ఫారం తీసి పోల్చి చూడలేదు. వాళ్లకు తెలియదు, నాకు తెలుసు అన్న నమ్మకం అంత గట్టిగా ఉంది. శీర్షికలో "సంపుటం-సంచిక" కొట్టేసి "నెల" అని రాశాను. మాసపత్రికకు తేదీ అనవసరం కదా అని ముందున్న రోజు అంకెను తీసేశాను. 05-ఆగస్టు లోంచి 05 పోయి ఆగస్టు మిగిలింది. ఆ 05 సంపుటం. అలా జాబితా మొత్తంలో సంపుటాల సంఖ్యల్ని నా చేత్తో నేనే తుడిచేశాను. ఆ తర్వాత, ఇక కాగితాలతో పనేముందని, ఫారాల కట్టల్ని పాత పేపర్లతో పాటు తూకానికి వేయించాను. ఆ ముత్యాల చేతిరాతలు కూడా అందులోనే పోయాయి.

ఒక పల్లెటూరి శాఖా గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ నాకు ఫోన్ చేశారు. పెద్దావిడ. నా శిక్షణ తరగతులకు వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. ఏనాడూ ప్రశ్న అడగలేదు.

"సార్, నమస్కారమండి. మన లిస్టు మా అబ్బాయి ఫోన్లో చూపించాడండి. మా పత్రికలకు ఇంగ్లీషు నెలలు పడ్డాయండి. నేను అలా రాయలేదండి."

"తేదీలు మీరు రాసినవే మేడమ్. మేం సరిచేసి పెట్టాం."

"కాదండి. మా దాని మీద నెలలు చైత్రం, వైశాఖం అనే ఉంటాయండి. ఎనిమిదోది కార్తీకంలో వచ్చిందండి. మీరు ఆగస్టు అని వేశారు."

"చూస్తాను మేడమ్. మీరు అందులో ఏమీ ముట్టుకోకండి. మార్పులు నేను చూసుకుంటాను."

ముట్టుకోవడానికి ఆవిడకు దారే లేదు. అది తెలిసీ అలా అన్నాను. చూస్తానన్నవాణ్ణి చూడలేదు. ఎంత వివరంగా చెప్పారో ఆవిడ. చైత్రంతో సంపుటం మొదలయ్యే పత్రికకు ఎనిమిదో సంచిక కార్తీకమే అవుతుంది. అది అక్టోబరు, నవంబరు మధ్య పడుతుంది. ఆగస్టు ఎలా వస్తుంది? ఆ ఒక్క మాట పట్టుకుని ఉంటే తప్పంతా బయటపడేది. అప్పటికి ఫారాలు ఇంకా స్టోరు గదిలోనే ఉన్నాయి.

పాత పత్రికల కాలం లెక్క తెలిసినవాళ్లు మనలో తగ్గిపోయారు. సంచిక మీద ప్రభవ మాఘం అని ఉంటుంది. ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1867లో ఒకటి, 1927లో ఒకటి, 1987లో ఒకటి. కాగితం, అచ్చు, ప్రకటనలు చూసి అది 1927 నాటి ప్రభవ అని పోల్చుకోవాలి. పోల్చుకున్నాక కూడా, సంవత్సరం ఉగాదితో మారుతుంది కనుక మాఘం 1928లో పడుతుందని తెలియాలి. ఆవిడ ఇదంతా వేళ్ల మీద చెప్పగలరు. తండ్రిగారి దగ్గర పంచాంగం చూడడం నేర్చుకున్నారట. నేను లైబ్రరీ సైన్సులో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. నాకు ఆ లెక్క కాగితం మీద వేసుకుంటే తప్ప రాదు.

గమనికల గడి సంగతి కూడా చెప్పాలి. అందులో వాళ్లు రకరకాలుగా రాశారు. "అట్ట లేదు", "కరణంగారింటి నుంచి వచ్చినవి", "పిల్లలు బొమ్మలు కత్తిరించారు", "వరదలో తడిసి ఎండబెట్టినవి". జనం తమ మాటల్లో పెట్టుకునే గుర్తులు అంటే ఇవే. ఫోక్సానమీ గురించి గంట సేపు ఉపన్యాసం ఇచ్చే నేను వీటిని ప్రామాణికం కాదని తీసేసి "మంచి", "మధ్యమం", "శిథిలం" అని మూడు మాటలు పెట్టాను. ఒక ప్రతి ఎవరింటి నుంచి వచ్చిందన్నది ఆ ప్రతి చరిత్ర. మిగతా సంచికలు ఆ ఇంటి అటక మీద ఉన్నాయేమో వెళ్లి అడగడానికి అదొక్కటే ఆధారం. ఆ ఆధారాన్ని నేనే తెంపేశాను.

ఆ తర్వాత రాయలసీమ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఒక మహిళా పత్రికలో, ఒకానొక ఏడు ఆగస్టులో వచ్చిన కథ కోసం వెతుకుతోంది. నా జాబితాలో ఆ నెల ఫలానా పల్లెటూళ్లో ఉన్నట్టు కనబడింది. రాత్రి బస్సెక్కి వచ్చి, ఇక్కడ దిగి, ఇంకో బస్సు, ఆటో పట్టుకుని ఆ ఊరు వెళ్లింది. అక్కడ ఉన్నది అయిదో సంపుటం ఎనిమిదో సంచిక, కార్తీకమాసానిది. ఆ లైబ్రేరియన్ ఆవిడే అలమారంతా తీసి చూపించి, మధ్యాహ్నం అన్నం పెట్టి పంపారట. ఆ అమ్మాయి తిరుగు ప్రయాణంలో మా కాలేజీకి వచ్చి, "అమ్మగారు మీకు ముందే చెప్పారట కదా సార్" అంది. కోపంగా అనలేదు. నాకేం చెప్పాలో తోచలేదు. నన్ను క్షమించమని కూడా ఆ పూట అడగలేకపోయాను. లిస్టు ఇంకా తయారీలో ఉందమ్మా, అన్నాను.

రంగనాథన్ గారి అయిదు సూత్రాలు 1931లో అచ్చయ్యాయి. లైబ్రరీ సైన్సు చదివిన ప్రతివాడికీ కంఠతా వచ్చేవి. పుస్తకాలు వాడుకోవడానికే అన్న మొదటి సూత్రం చెబుతూ, ఒకప్పుడు పుస్తకాలకు గొలుసులు వేసి బల్లకు కట్టేసేవారని ఆయన గుర్తు చేస్తారు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న మూడో సూత్రం దగ్గర అలమారలకు తాళాలు తీసేయాలని వాదిస్తారు. తాళాలు తీస్తే పుస్తకాలు పోతాయి, తారుమారవుతాయి అన్న అభ్యంతరం అప్పట్లో బలంగా ఉండేది. నేను దాన్ని ఎన్నోసార్లు విద్యార్థులకు పాఠంగా చెప్పాను. పోయే నాలుగు పుస్తకాల కోసం వెయ్యిమందిని అలమార దగ్గరికి రానివ్వకపోవడం అన్యాయం అని ఆవేశంగా చెప్పేవాణ్ణి. నా స్ప్రెడ్‌షీట్‌కి నేను వేసింది ఆ తాళమే. పాఠం చెప్పే నోటికీ, అనుమతి పెట్టె మీద నొక్కే వేలికీ మధ్య సంబంధం లేకుండా పోయింది నాలో.

నాకు కళ్లు తెరుచుకున్నది తెలుగు వికీసోర్స్‌లో. ఒక విద్యార్థి ప్రాజెక్టుకు సాయంగా వెళ్లి, పాత పుస్తకం ఒకటి దిద్దే పనిలో కూర్చున్నాను. అక్కడ ఎడమ పక్క టైపు చేసిన పాఠం, కుడి పక్క స్కాన్ చేసిన పేజీ ఉంటాయి. దిద్దని పేజీకి ఎర్ర రంగు. ఒకరు మొత్తం పోల్చి దిద్దితే పసుపు. ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి చూసి సరిగ్గా ఉందంటే ఆకుపచ్చ. పసుపు చేసినవాళ్లే ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. ఎంత పండితుడైనా సరే, రెండో జత కళ్లు కావాలి. నేను ఎంతో జాగ్రత్తగా ఒక పేజీ దిద్ది పసుపు చేశాను. అందులో తెలుగు అంకెల్లో ఉన్న ౬ని 7 అని వేశాను. ఒక చోట బండి ర బదులు మామూలు ర పెట్టాను. మర్నాటికి ఎవరో రెండూ దిద్ది ఆకుపచ్చ చేసి వెళ్లారు. పేజీ చరిత్రలో నేను రాసింది, వారు మార్చింది, వేళతో సహా పక్కపక్కన ఉన్నాయి. నా తప్పు అలాగే ఉంది, దిద్దుబాటూ ఉంది. ఎవరూ నన్ను మందలించలేదు. నన్ను మార్చనిచ్చినందుకు పుస్తకం పాడు కాలేదు. పైగా నాకన్నా బాగా చదవగలిగిన మనిషి ఆ పేజీ దాకా రాగలిగారు.

చాలాసేపు ఆ చరిత్ర పేజీనే చూస్తూ కూర్చున్నాను. వికీలో పాత రూపం ఎప్పుడూ ఉంటుంది కనుక ఎవరు ఏం చెరిపినా వెనక్కి తేవచ్చు. మా స్ప్రెడ్‌షీట్‌లో కూడా మార్పుల చరిత్ర ఉంది. ఎవరో వరస చెరిపేస్తారేమో అన్న నా భయానికి విరుగుడు మొదటి రోజు నుంచీ అందులోనే ఉంది. నేనది తరగతుల్లో చూపించేవాణ్ణి కూడా. ఆ లెక్కన మా జాబితాలో ఎవరూ వెనక్కి తేలేనిది ఒక్కటే, తూకానికి వేసిన ఫారాలు. స్ప్రెడ్‌షీట్ చరిత్రలో వెతికితే తొలి రూపంలో 05-ఆగస్టు అని దొరికింది. అందులోంచి 5-8 అన్నది మళ్లీ రాబట్టుకోవచ్చు. గమనికలు మాత్రం కాలేజీ కంప్యూటర్లోనే తీసేశాను, ఆన్‌లైన్‌కు ఎక్కించక ముందే. ఆ కంప్యూటర్ అప్పటికే మార్చేశారు.

ఆవిడ దగ్గరికి వెళ్లాను. అప్పటికి రిటైరయ్యారు. ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పి, మీరు చెప్పింది చెవిన పెట్టనందుకు క్షమించండని అడిగాను. "అయ్యో, అంతమాటెందుకండీ సార్" అంటూ లోపలికి వెళ్లి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. నాకు పంపిన ఫారాలకు నకలు రాసి పెట్టుకున్నారు. పత్రిక పేరు, సంపుటం, సంచిక, తెలుగు సంవత్సరం, మాసం, ఎవరిచ్చారు, అన్నీ. ఎందుకు రాసుకున్నారమ్మా అంటే, "ఆఫీసుకు ఏది పంపినా నకలు ఉంచుకోవడం మాకు అలవాటేనండీ" అన్నారు. నాకు లాక్స్ గుర్తొచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలైన పథకం అది. ఎక్కువ ప్రతులుంటే దేనికీ ప్రమాదం ఉండదన్నది దాని మూలసూత్రం. ఈ-పత్రికల్ని గ్రంథాలయాలు తలా ఒక ప్రతి దాచుకుని, ఒకదానితో ఒకటి పోల్చి సరిచూసుకుంటాయి. నేను దాని మీద నోట్సు తయారుచేసి పంచినవాణ్ణి. ఆవిడ దాని పేరు కూడా విననక్కర్లేకుండానే ఆ పని చేసి పెట్టారు.

ఇప్పుడు జాబితాలో అందరికీ మార్చే అనుమతి ఉంది. సంపుటం, సంచిక వేరు వేరు గడులు, రెండూ ప్లెయిన్ టెక్స్ట్. తెలుగు సంవత్సరం, మాసం యథాతథంగా ఒక గడిలో, ఇంగ్లీషు సంవత్సరం ఇంకో గడిలో. దాతల పేర్లకు విడిగా చోటు. ప్రతి వరస చివర ఎవరు రాశారో, ఎవరు సరిచూశారో. రాసినవాళ్లు సరిచూడకూడదన్న నియమం వికీసోర్స్ నుంచి తెచ్చుకున్నాం. నెలకోసారి మొత్తం సీఎస్‌వీ ఫైలుగా దించి, వేరు వేరు ఊళ్లలోని గ్రంథాలయాల్లో ఒక్కొక్క ప్రతి ఉంచుతున్నాం. ఈ సైటు కూడా రేపు పోవచ్చు. ఇప్పుడు ఎవరో ఒకరు పొరపాటున గడులు చెరిపేస్తూనే ఉంటారు. వెనక్కి తెచ్చుకోవడం అందరికీ నేర్పాను. తెలుగు పేర్లలో వేంకట, వెంకట గొడవ ఇంకా తేలలేదు. రెండు రూపాలూ రాద్దామని కొందరు, సంచికలో అచ్చయినట్టే రాద్దామని కొందరు. నేను అచ్చయినట్టే రాయాలనేవాళ్లలో ఉన్నాను. ఈసారి నాది ఒక ఓటు.

అన్నీ తిరిగి రాలేదు. నకలు ఉంచుకున్నది ఆవిడ ఒక్కరే. మిగతాచోట్ల మళ్లీ అలమారలు తీయించాం. ఒక పాత పఠన మందిరం భవనం ఈలోగా కూల్చేశారు. అక్కడి పత్రికలు ఎటు పోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. స్ప్రెడ్‌షీట్ చరిత్ర వల్ల ఏ సంచికలు ఉండేవో తెలిసింది కానీ, గమనికలు పోయాయి కనుక ఎవరింటి నుంచి వచ్చాయో తెలియదు. ఆ ఇళ్లవాళ్లను అడిగితే ఇంకో ప్రతి దొరికేదేమో. ఆ వరసల్లో దాతల గడి ఖాళీగా ఉంది. ఆ ఊళ్లో ఎనభై దాటిన పెద్దలు ఇద్దరు ముగ్గురు ఉన్నారని, వాళ్లకు గుర్తుండొచ్చని రిటైరైన ఆవిడే చెప్పారు. దసరా సెలవుల్లో ఆవిడా, నేనూ, రాయలసీమ నుంచి వచ్చిన ఆ అమ్మాయీ కలిసి ఆ ఊరు వెళ్తున్నాం. ఎవరెవర్ని ఏమేం అడగాలో ఆవిడ నోట్‌బుక్ చివరి పేజీల్లో రాసి ఉంచారు.